వదులైన ఇంజిన్ మౌంటింగు: బిగించే ముందు చూడవలసింది

సభకు నమస్కారం.

మా ఊళ్లో పొలాలకు కరెంటు రాకముందు మా బావి గట్టున 5 హార్స్‌పవర్ ఆయిల్ ఇంజిన్ ఒకటి ఉండేది. దాన్ని సిమెంటు దిమ్మె మీద కూర్చోబెట్టి నాలుగు ఫౌండేషన్ బోల్టులతో బిగించేవారు. వాటిలో ఏ ఒక్క నట్టు వదులైనా ఇంజిన్ దిమ్మె మీద ఎగిరెగిరి పడేది, పంపుకు వెళ్లే బెల్టు పక్కకు జారేది. అప్పుడు మా నాన్నగారు ఇంజిన్ ఆపేవారు గానీ వెంటనే స్పానరు అందుకునేవారు కాదు. దిమ్మె చుట్టూ తిరిగి, బోల్టు మొదట్లో సిమెంటు చిట్లిందేమోనని వేలితో తడిమి చూసేవారు. చిట్లిన సిమెంటులో నిలబడిన బోల్టును ఎంత బిగించినా తెల్లారేసరికి మళ్లీ వదులవుతుందని ఆయనకు అనుభవంతో తెలుసు. 30 ఏళ్లు పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పాఠం చెప్పిన నేను, కారు ఇంజిన్ మౌంటింగు గురించి ఈ రోజు మీకు చెప్పబోయేదంతా ఆ వేలితో తడిమి చూడటం నుంచే పుట్టింది. వదులైనదాన్ని బిగించడం పది నిమిషాల పని. అది ఎందుకు వదులైందో తెలుసుకోవడమే అసలు పని.

నా చేతిలో ఉన్న ఈ నల్లటి ముద్దను ముందు వరుసలోనివారు చూసి వెనక్కి అందించండి. ఇది ఒక చిన్న పెట్రోలు కారు నుంచి తీసిన పాత మౌంటింగు. పైన ఒక ఇనుప పట్టీ, కింద ఒక ఇనుప గిన్నె, రెండింటి నడుమ రబ్బరు ఉన్నాయి. ఈ రబ్బరు జిగురు పూసి తర్వాత అతికించింది కాదు. మందు పూసిన ఇనుముకు పచ్చి రబ్బరును ఆనించి, అచ్చులో వేడితో ఉడికించినప్పుడు రెండూ ఒకే వస్తువైనట్టుగా పట్టుకుంటాయి. ఇంజిన్ బరువును మోసేదీ, దాని వణుకును బాడీకి చేరనివ్వనిదీ ఈ రబ్బరే. ఆలోచిస్తే ఈ రెండు పనులూ ఒకదానికొకటి విరుద్ధమైనవి. గట్టిగా పట్టుకుంటే వణుకు బాడీలోకి పాకుతుంది, మెత్తగా వదిలేస్తే ఇంజిన్ ఊగి పక్కనున్న గొట్టాలను, తీగలను లాగుతుంది. 1931లో అమెరికాలో ప్లిమత్ కారుకు ఇంజిన్‌ను ముందువైపు ఎత్తుగా ఒకచోట, వెనకవైపు పల్లంగా ఒకచోట రబ్బరు మీద వేలాడదీసి, అది తన బరువు కేంద్రం గుండా పోయే అక్షం చుట్టూ తానే ఊగేటట్టు అమర్చారు. నాలుగు సిలిండర్ల బండి అంత తక్కువ వణుకుతో నడవడం అప్పటివారికి కొత్త అనుభవం. ఆ పద్ధతి హక్కులను ఫ్రాన్సులోని సిట్రోయెన్ కంపెనీ కూడా తీసుకుంది. ఇప్పటి మౌంటింగులన్నీ ఆ ఆలోచన వెంట నడిచినవే.

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలు బండిని లాగుతాయి. 1983లో మారుతి 800 వచ్చినప్పుడు అంబాసిడర్‌కు, జీపుకు అలవాటుపడిన మన మెకానిక్కులకు ఈ అమరిక వింతగా తోచింది. ఈ తేడాను కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మౌంటింగు మీద పడే భారమంతా ఇక్కడే ఉంది. అంబాసిడర్‌లో ఇంజిన్ నిలువుగా ఉంటుంది, చివరి పళ్లచక్రాల జత వెనక ఇరుసులో ఉంటుంది. ఇంజిన్ 110 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం ఇస్తోందనుకుంటే, ఫస్టు గేరు దాన్ని మూడున్నర రెట్లు చేసినా మౌంటింగులు తట్టుకోవలసింది 400 న్యూటన్ మీటర్లకు లోపే. అడ్డంగా ఉన్న ఇంజిన్‌కు ఆ చివరి పళ్లచక్రాలు కూడా గేరుబాక్సులోనే ఉంటాయి కాబట్టి మరో నాలుగు రెట్ల గుణకారం జరిగి, 1500 న్యూటన్ మీటర్లకు పైగా ఎదురు దెబ్బ నేరుగా మౌంటింగులకు తగులుతుంది. మౌంటింగుల మధ్య అర మీటరు ఎడం ఉందనుకుంటే అది దాదాపు 300 కిలోల లాగుడు. ఏటవాలు రోడ్డు మీద క్లచ్ వదిలిన ప్రతిసారీ ఈ రబ్బరు ముక్కలు మూడు క్వింటాళ్ల మూటను ఆపుతున్నాయన్నమాట.

ఇలాంటి బండ్లలో సాధారణంగా మూడు మౌంటింగులు ఉంటాయి. కుడివైపు ఇంజిన్‌ను మోసేది ఒకటి, ఎడమవైపు గేరుబాక్సును మోసేది ఒకటి. ఈ రెండూ బరువు మోస్తాయి. మూడోది కింద వెనకవైపు, ఇంజిన్‌కూ, దాని కింద ఉండే ఇనుప చట్రమైన సబ్‌ఫ్రేముకూ మధ్య ఎముకలాగా కనిపించే చిన్న కడ్డీ. టార్క్ రాడ్ అనే ఈ కడ్డీ బరువు మోయదు గానీ ఇంజిన్ ముందుకూ వెనక్కూ దొర్లకుండా ఆపుతుంది. కొన్ని బండ్లకు నాలుగు మౌంటింగులు ఉంటాయి, మీ బండికి ఎన్నున్నాయో ముందుగా చూసుకోండి. మెకానిక్కు “ఫౌండేషన్ పోయింది” అన్నా “మౌంటింగు కొట్టేసింది” అన్నా ఈ ముక్కల గురించే చెబుతున్నాడని గ్రహించండి, ఏ ముక్కో వెంటనే అడగండి.

ఇక “వదులు” అనే మాటకు వద్దాం. ఈ మాట కింద రెండు వేరు వేరు జబ్బులున్నాయి. బోల్టు వదులు కావడం ఒకటి, రబ్బరు చనిపోవడం రెండోది. బయటికి వినిపించే శబ్దం రెండింటికీ ఒకటే కావచ్చు, వైద్యం మాత్రం ఒకటి కాదు.

బోల్టు సంగతి ముందు చెబుతాను. బోల్టు తన కాడతో అడ్డంగా నిలబడి బరువును ఆపుతోందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. బిగించినప్పుడు బోల్టు స్ప్రింగులాగా వెంట్రుకవాసి సాగుతుంది. ఆ సాగిన బోల్టు వెనక్కి ముడుచుకోవాలని చూస్తూ రెండు ఇనుప ముఖాలను ఒకదానికొకటి అదిమి పెడుతుంది, ఆ అదుముడు వల్ల పుట్టిన రాపిడే ముక్కలను కదలనివ్వదు. అదుముడు తగ్గి ముక్కలు అడ్డంగా జరగడం మొదలైందంటే, ప్రతి జరుగుడుకూ నట్టు కొంచెం కొంచెంగా తనంత తానే వెనక్కి తిరుగుతుంది. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు 1969లో దీన్ని యంత్రం మీద పరీక్షించి చూపించాడు. ఆ తరహా పరీక్షలో స్ప్రింగ్ వాషరు వేసిన బోల్టు కూడా నిలవదు. నిలబెట్టేది ముఖ్యంగా సరైన బిగింపే. అందుకే వదులైన బోల్టుతో నెల రోజులు నడిచిన బండిలో రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగి ఉంటుంది, మరలు అరిగి ఉంటాయి. అలాంటి చోట పాత బోల్టునే మళ్లీ బిగిస్తే ఏమవుతుందో మా నాన్నగారి దిమ్మె ఇదివరకే చెప్పింది.

రబ్బరు చావు ఇంకో రకం. సహజ రబ్బరుకు అలసటను తట్టుకునే శక్తి ఎక్కువే గానీ, వేడికీ నూనెకూ అది ఓర్చుకోలేదు. రామగుండం, రెంటచింతల ఎండల్లో రోజంతా నిలిపి, సాయంత్రం ట్రాఫిక్కులో ఏసీ వేసి నడిపిన బండి బానెట్ కింద ఎంత ఉడుకుతుందో మీరే ఊహించుకోండి. పదేళ్లకు రబ్బరు గట్టిపడి ఎండిన చెరువు మట్టిలాగా పగుళ్లిస్తుంది. నూనె తడిస్తే అందుకు విరుద్ధంగా ఉబ్బి, మెత్తబడి, వేలికి అంటుకునేటట్టవుతుంది. ఇంజిన్ పై మూత గాస్కెట్ దగ్గర నుంచి కారే నూనె చాలా బండ్లలో సరిగ్గా కుడి మౌంటింగు మీదే పడుతుంది. ఆ కారుడును ఆపకుండా కొత్త మౌంటింగు వేయడం, చూరు కారుతుండగా గోడకు సున్నం వేయడం వంటిది. కొంత ఖరీదైన బండ్లలో మౌంటింగు లోపల గ్లైకాల్ కలిసిన ద్రవం ఉంటుంది. దాని పొట్ట పగిలితే కింద నల్లటి తడి మరక పడుతుంది. అటువంటిదాన్ని బిగించి ప్రయోజనం లేదు, మార్చవలసిందే.

ఇప్పుడు పరీక్షకు వద్దాం. బండి నిలబడి ఉండగా స్టీరింగు, సీటు వణికితే వెంటనే మౌంటింగు మీద నేరం మోపకండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 750 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు 25 మంటలు మండుతాయి, మూడు సిలిండర్లది 800 చుట్ల దగ్గర సెకనుకు 20 మండుతాయి. మూడు సిలిండర్ల బండి కొంత ఎక్కువ వణకడం దాని స్వభావమే. ఆ మంటల్లో ఒకటి తప్పినా బండి వణుకుతుంది. స్పార్క్ ప్లగ్గో, కాయిలో, మురికి పట్టిన థ్రాటిలో కారణం కావచ్చు. వేరు చేసి తెలుసుకోవడానికి నేను చేసే పని ఇది: బానెట్ తెరిచి ముందు ఇంజిన్ వైపు చూస్తాను, తర్వాత సైలెన్సరు చివర నిలబడి వింటాను. పొగ గొట్టం నుంచి తాళం తప్పిన మద్దెలలాగా శబ్దం వస్తూ, ఇంజిన్ ఉండి ఉండి కుదుపు ఇస్తుంటే జబ్బు మంటలోనే ఉంది. గొట్టం శబ్దం తాళం తప్పకుండా వస్తూ, ఇంజిన్ సమంగా ఆడుతూ, బాడీ మాత్రం వణుకుతుంటే అప్పుడు మౌంటింగును అనుమానించాలి. క్లచ్ వదిలేటప్పుడు, రివర్సు వేసినప్పుడు, గేరు మార్చినప్పుడు కాళ్ల కింద “డబ్” మని తగలడం, ఇంజిన్ ఆపగానే చివర్లో ఒక పెద్ద కుదుపు రావడం కూడా దీని గుర్తులే.

అనుమానం కలిగాక ఇద్దరు మనుషుల పరీక్ష చేయాలి. చదునైన చోట బండిని నిలిపి, హ్యాండ్‌బ్రేకు పూర్తిగా లాగి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టాలి. బండి ముందు గానీ వెనక గానీ ఎవరూ ఉండకూడదు. చూసేవారు పక్కన, ఫెండరు దగ్గర నిలబడాలి. చున్నీ, కండువా, వేలాడే చొక్కా చేతులు బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా ఉండాలి. ఇంజిన్ ఆగి ఉన్నా కొన్ని బండ్లలో కరెంటు ఫ్యాను హఠాత్తుగా తిరుగుతుందని మరచిపోవద్దు. సీట్లో ఉన్నవారు బ్రేకును గట్టిగా తొక్కి పట్టుకొని, ఫస్టు గేరు వేసి, క్లచ్ పట్టుకునేంతవరకే నెమ్మదిగా వదిలి, వెంటనే తొక్కేయాలి. తర్వాత రివర్సులో అలాగే. ఆటోమేటిక్ బండిలో బ్రేకు తొక్కి ఉంచి డ్రైవ్‌కూ రివర్సుకూ మార్చితే చాలు. ముందుకు వేసినప్పుడు ఇంజిన్ తల డ్రైవరు వైపుకు, రివర్సులో రేడియేటరు వైపుకు వాలుతుంది. కొద్దిపాటి వాలుడు అన్ని బండ్లకూ ఉంటుంది, అది రబ్బరు చేస్తున్న పని. రెండు వైపులా పెద్దగా దొర్లుతూ కింద శబ్దం చేస్తే టార్క్ రాడ్‌ను చూడాలి. ఒక పక్క మాత్రం పైకి లేచి “డబ్” మని కూర్చుంటే ఆ పక్కన బరువు మోసే మౌంటింగును చూడాలి.

ఆ తర్వాత ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, టార్చి వేసి దగ్గరగా చూడండి. ఇక్కడ తొందరపడవద్దు. బోల్టు తల చుట్టూ వాషరు పరిమాణంలో మెరిసే ఇనుము కనిపిస్తోందా? ముక్కల అతుకు దగ్గర కుంకుమలాంటి ఎర్రటి పొడి ఉందా? రెండు ఇనుప ముఖాలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటే తుప్పు ఆ పొడిగా రాలుతుంది. అది కనిపించిందంటే బోల్టు వదులై చాలా రోజులైందని అర్థం. తర్వాత మౌంటింగు పక్కన చిన్న గడ్డపలుగు లాంటి కడ్డీని ఆనించి మెల్లగా ఎత్తి చూడండి. రబ్బరు సాగి తిరిగి వస్తే మంచిదే. ఇనుము నుంచి విడిపోయి నోరు తెరిస్తే దాని ఆయువు తీరింది.

నా సొంత బండి విషయం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక వర్క్‌షాపులో టైమింగు బెల్టు మార్పించాను. చాలా బండ్లలో ఆ బెల్టు తీయాలంటే కుడి మౌంటింగును విప్పి, ఇంజిన్‌ను కింద నుంచి ఎత్తి పట్టుకోవాలి. బండి ఇంటికి వచ్చిన వారానికి స్టీరింగు వణకడం మొదలైంది, రివర్సులో దెబ్బ వినిపించింది. వారు విప్పింది కుడి మౌంటింగునే కాబట్టి అదే పోయిందని నేను తీర్మానించుకొని, కొత్తది కొని, ఒక ఆదివారమంతా కష్టపడి వేశాను. వణుకు అణువంతైనా తగ్గలేదు. పాత మౌంటింగును ఒళ్లో పెట్టుకొని చూస్తే దాని రబ్బరు నిక్షేపంగా ఉంది. మరుసటి ఆదివారం బండి కిందికి వెళ్లి వెతికితే, టార్క్ రాడ్ బోల్టు చుట్టూ ఇందాక చెప్పిన ఎర్రటి పొడి. ఇంజిన్‌ను ఎత్తేటప్పుడు దాన్ని వదులు చేసి, చివర్లో చేత్తో మాత్రమే తిప్పి వదిలేశారు. పిల్లలకు “ముందు చూడు, తర్వాత విప్పు” అని రోజూ చెప్పే నేను ఆ రోజు చూడకుండా విప్పాను. ఆ డబ్బు కంటే ఆ సంగతే నన్ను ఎక్కువ బాధించింది. ఈ మధ్య మీ బండికి క్లచ్ ప్లేటు గానీ, టైమింగు బెల్టు గానీ మార్పించి ఉంటే, ఆ పనికోసం విప్పిన బోల్టులన్నింటినీ మొదట పరీక్షించండి.

బోల్టు వదులైందని తేలి, రబ్బరు బాగుంటే, పని తేలిక. అయినా ఆ బోల్టును ఒకసారి పూర్తిగా బయటికి తీసి చూడాలి. మరలు నలిగినా, కాడ సన్నబడినా కొత్తది వేయాలి. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకె ఉంటుంది, అది దాని బలం కొలత. అదే అంకె, అదే పొడవు, అదే మర ఉన్నది కొనాలి. ఇనుప సామాన్ల దుకాణంలో దొరికిన మామూలు బోల్టు ఇక్కడ పనికిరాదు. కొన్ని కంపెనీలు ఈ బోల్టులను ఒక్కసారికే వాడమంటాయి, బిగించిన తర్వాత ఇన్ని డిగ్రీలు అదనంగా తిప్పమంటాయి. మీ బండి సర్వీసు మాన్యువల్ చెప్పిందే ప్రమాణం. మాన్యువల్‌లోని అంకె సరైన చోట ఉందో లేదో అంచనా వేసుకోవడానికి మాత్రం ఇది గుర్తుంచుకోండి: 10 మిల్లీమీటర్ల 8.8 బోల్టుకు సుమారు 45 నుంచి 50, 12 మిల్లీమీటర్లదానికి సుమారు 80 నుంచి 85 న్యూటన్ మీటర్లు సాధారణం. పావు మీటరు పొడవున్న స్పానరు చివర 20 కిలోల బరువు వేలాడదీస్తే వచ్చే బిగింపు దాదాపు 50. ఇనుప గొట్టం తొడిగి ఒళ్లు బరువంతా వేసేవారు దీనికి ఎన్నో రెట్లు బిగిస్తున్నారని గమనించండి. మౌంటింగు ఒక చివర తరచుగా అల్యూమినియం పోతలోకి దిగుతుంది. అల్యూమినియం మర పోతే దాన్ని పెద్దది చేసి హెలికాయిల్ అనే ఉక్కు తీగ చుట్టను కొత్త మరగా వేయాలి, అది లేతు పని తెలిసినవారు చేయవలసింది. మరకు నూనె పూయవద్దు. నూనె వల్ల రాపిడి తగ్గి, అదే అంకె దగ్గర బోల్టు అవసరానికి మించి సాగిపోతుంది.

మౌంటింగు మార్చవలసి వస్తే ముందు రోజు రాత్రే తుప్పు పట్టిన బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. పాత బోల్టు బయటికి వచ్చాక మరలనుంచి ఆ నూనెను తుడిచేయాలి. ఉదయం బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. బండిని ఎత్తితే స్టాండ్ల మీద నిలపాలి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి తల పెట్టవద్దని నేను ప్రతి ఏటా ప్రతి బ్యాచికీ చెప్పాను, మీకూ చెబుతున్నాను. ఇంజిన్‌ను మోయడానికి రెండో జాకీ కావాలి, దాని తల మీద వెడల్పాటి చెక్క దిమ్మ ఉండాలి. నూనె తొట్టి నట్టనడుమ ఆనిస్తే పలుచని రేకు సొట్ట పడుతుంది, అల్యూమినియమైతే చిట్లుతుంది. అందుకని మాన్యువల్ అనుమతించిన చోట, లేదా దృఢంగా ఉండే గేరుబాక్సు డొప్ప కింద ఆనించండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఇంజిన్‌ను పైకి ఎత్తడం. ఎత్తకూడదు. మౌంటింగు మీద బరువు తేలికపడి, బోల్టు చేత్తో తిరిగేంతవరకే ఆసరా ఇవ్వాలి. అంతకు మించి ఎత్తితే పొగ గొట్టంలోని జాలీ ముక్క, రేడియేటరు గొట్టాలు, ఇరుసు కీళ్లు లాగబడతాయి.

ఒకసారికి ఒక్క మౌంటింగునే విప్పండి. విప్పే ముందు దాని అంచుల చుట్టూ పెయింటుతో గీత గీయండి, కొత్తదాన్ని అదే గీతలో కూర్చోబెట్టవచ్చు. కొత్త ముక్కను పాతదాని పక్కన పెట్టి రంధ్రాలు, ఎత్తు, బాణం గుర్తు సరిపోల్చుకోండి. అన్ని బోల్టులనూ మొదట చేత్తోనే మూడు నాలుగు చుట్లు మర ఎక్కించాలి. చేత్తో ఎక్కని బోల్టును స్పానరుతో ఎక్కించవద్దు, అది అడ్డంగా దిగుతోందని అర్థం. తర్వాత జాకీని మెల్లగా దించి, ఇంజిన్ బరువు మౌంటింగు మీద పడనివ్వండి. బోల్టులు ఇంకా కొంచెం సడలుగా ఉండగానే ఇంజిన్‌ను చేత్తో ముందుకూ వెనక్కూ ఊపితే అది తన సహజమైన చోట కూర్చుంటుంది. చివరి బిగింపు అప్పుడే. టార్క్ రాడ్‌ను అన్నిటికంటే ఆఖరున బిగించాలి. ఈ వరుస తప్పి, ఇంజిన్ జాకీ మీద వేలాడుతుండగానే బిగించేస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే బందీ అవుతుంది. కొత్త మౌంటింగు వేసినా వణుకు పోలేదని నా దగ్గరికి వచ్చిన బండ్లలో ఎన్నింటికో బోల్టులు సడలించి, ఇంజిన్‌ను ఊపి, మళ్లీ బిగించడంతోనే నయమైంది.

వెనక వరుసలోంచి ఒకరు అడుగుతున్నారు, రబ్బరు విడిపోయిన సందులో పాత టైరు ముక్క దూర్చితే సరిపోదా అని. ఆ పని చాలాచోట్ల చేస్తారు, నేనూ చూశాను. రాత్రివేళ రోడ్డు మధ్యలో ఆగిన బండిని ఇంటికి చేర్చుకోవడానికి చేస్తే తప్పు పట్టను. కానీ టైరు ముక్క ఇంజిన్ ఒక్క దిక్కుకు వాలితేనే ఆపుతుంది, రెండో దిక్కుకు వాలితే జారిపోతుంది. గట్టిగా ఇరుక్కుంటే వణుకునంతా బాడీకి పంపుతుంది. సందులో రబ్బరు సొల్యూషన్ నింపడం కూడా అంతే, ఆ పూత మూడు క్వింటాళ్ల లాగుడును ఎలా ఆపగలదు?

విరిగిన మౌంటింగుతో ఇంకొన్నాళ్లు నడిపితే ఏమవుతుందని తరచుగా అడుగుతారు. ఒకటి పోతే మిగిలిన రెండింటి మీద భారం పెరిగి అవీ త్వరగా పోతాయి, పొగ గొట్టం చిట్లుతుంది, గేరు కేబుళ్లు లాగబడతాయి. ఇవి ఖర్చుతో పోయేవి. దీనికి మించిన ప్రమాదం అమెరికాలో జరిగింది. 1965 నుంచి 1969 వరకు తయారైన షెవర్లే బండ్లలో మౌంటింగు రబ్బరు విడిపోతే ఎక్సలేటరు తొక్కినప్పుడు ఇంజిన్ పైకి లేచేది. లేచిన ఇంజిన్ ఎక్సలేటరు కడ్డీని లాగి తెరిచి ఉంచేది, బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ గొట్టం కూడా ఊడిపోయే వీలుండేది. బండి తనంత తానే వేగం అందుకుంటుంది, అదే క్షణంలో బ్రేకు పెడలు గట్టిపడి ఎంత తొక్కినా బ్రేకు సరిగా పట్టదు. 1971 డిసెంబరులో కంపెనీ సుమారు 67 లక్షల బండ్లను వెనక్కి పిలిపించి, ఇంజిన్ పైకి లేవకుండా ఉక్కు తాడు కట్టవలసి వచ్చింది. ఇప్పటి మౌంటింగుల్లో చాలావాటికి రబ్బరు తెగినా ఇంజిన్ జారిపోకుండా ఇనుప ముక్కలు ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉంటాయి. మీ చేతుల్లో తిరుగుతున్న ఆ ముద్దలో గిన్నె అంచు లోపలికి వంగి ఉండటం అందుకే. అది ఆపద్ధర్మం మాత్రమే. దాని భరోసా మీద నెలల తరబడి నడపవద్దు.

ఇంటి దగ్గర చేయకూడనివి కూడా ఉన్నాయి. చాసిస్ లోపల వెల్డింగు చేసి ఉన్న నట్టు ఊడి బోల్టుతోపాటు తిరుగుతుంటే, సబ్‌ఫ్రేము చిట్లి ఉంటే, అల్యూమినియం చెవి విరిగి ఉంటే పని ఆపండి. ఆ చోట రేకు కోసి వెల్డింగు చేయాలి, దానికి కొలతలు తెలిసిన మనిషి కావాలి. చేతకానిచోట ఆగడంలో చిన్నతనం లేదు.

పని పూర్తయ్యాక ప్రతి బోల్టు తల మీద నుంచి పక్క ఇనుము మీదికి ఒకే తెల్ల పెయింటు గీత గీయండి. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా ఆ గీత తెగి కనిపిస్తుంది. వెనకటి రోజుల్లో బండి కట్టే ముందు రైతు ఇరుసు చివర కడశీలను ఒకసారి తట్టి చూసేవాడు. ఈ గీతను చూడటం అంతకంటే తేలిక. వారం గడిచాక ఒకసారి, దాదాపు 500 కిలోమీటర్లు తిరిగాక మరొకసారి టార్చి వేసి చూడండి.

బయట వేపచెట్టు కింద నా బండి ఉంది. దాని మౌంటింగు బోల్టుల్లో ఒకదాన్ని మీ కోసం ఇందాకే కొంచెం సడలించి ఉంచాను. బ్రేకు బలంగా తొక్కగలిగినవారు ఒకరు డ్రైవరు సీట్లోకి రండి. చక్రాలకు రాళ్లు పెట్టాను. మిగిలినవారు ఫెండరుకు అటూ ఇటూ నిలబడండి, ముందువైపు ఎవరూ ఉండవద్దు. ఏ మౌంటింగు తప్పో శబ్దం విని మీరే చెప్పాలి, అది విన్న తర్వాత ఆ బోల్టును మీలో ఒకరి చేతే బిగింపిస్తాను.